చేగోడీ అడిగింది గింజలు కాదు

...అందుకే ఇంత ఆలస్యమైంది బంగారం, ఏమీ అనుకోకు. నువ్వు అడిగింది ఆదివారం, "అమ్మమ్మా, మా హ్యామ్‌స్టర్ కమ్మీలు ఎందుకు కొరుకుతోంది?" అని. ఇవాళ గురువారం. రోజూ ఫోను చేతిలోకి తీసుకోవడం, ఎవరో ఒకరు తలుపు కొట్టడం. నిన్నయితే సగం కథ చెప్పేశాను, తీరా చూస్తే రికార్డే అవలేదు. సరేలే. దుప్పటి కప్పుకున్నావా హన్వీ? కాళ్ళు లోపలికి లాక్కో. కథ మధ్యలో కొంచెం భయమేస్తుంది, ఆపెయ్యకు, చివరిదాకా విను.

అనగనగా ఒక చలి ఊళ్ళో, చలంటే ఎంత చలి అనుకున్నావు, డిసెంబరు వచ్చిందంటే కొబ్బరినూనె సీసాలోనే మైనంలా గడ్డకట్టేసేది, అలాంటి ఊళ్ళో కుందన అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడే. ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ. కుందన పుట్టినరోజుకి వాళ్ళ నాన్న ఒక హ్యామ్‌స్టర్‌ని తెచ్చాడు. గోధుమరంగుది, గుప్పెట్లో పట్టేంతది. పడుకుంటే గుండ్రంగా చుట్టుకుపోయేది. అందుకని నానమ్మ దానికి చేగోడీ అని పేరు పెట్టింది.

పంజరాన్ని వంటింటి కిటికీ గట్టు మీద పెట్టారు. పాపం గాలీ వెలుతురూ తగలాలి కదా అని. ప్రేమతోనే పెట్టారమ్మా. ఆ కిటికీకి అద్దాలు లేవు, దోమలు రాకుండా జాలీ ఉందంతే. గట్టుకి ఈ పక్కన చేగోడీ, ఆ పక్కన కొబ్బరినూనె సీసా. ఆ సీసాని కాస్త గుర్తుపెట్టుకో.

కొన్నాళ్ళు బాగానే ఉంది. చక్రం తిప్పేది, ముందుకాళ్ళు ఎత్తి నిలబడి కుందనని చూసేది. అప్పుడు చలి ముదిరింది. ఒకరోజు సాయంత్రం చేగోడీ కమ్మీలు పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది. టకటకటక, టకటకటక. పంజరమంతా ఉండగా ఒకటే మూల కొరికేది, కిటికీకి దూరంగా ఉన్న మూల.

"నానమ్మా, అది ఏమంటోంది?"

"ఏమంటుందే, ఆకలంటోంది. నోరులేని జీవి, అంతకన్నా ఏమడుగుతుంది?"

నానమ్మ గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు వేసింది. చేగోడీ ఒక్కొక్కటే తీసి బుగ్గల్లో కుక్కుకుంది. బుగ్గలు ఇంతలేసి అయ్యాయి. అలాగే తన అట్టపెట్టె గూట్లోకి దూరిపోయింది. "చూశావా, ఆకలే!" అంది నానమ్మ.

ఆ తర్వాత రెండు రోజులకి ఇంకోటి జరిగింది. పంజరం పక్కనే గోడకి క్యాలెండరు ఉండేది. గాలికి దాని కాగితం ఎగిరి కమ్మీలకి ఆనింది. అంతే, చేగోడీ పళ్ళతో పట్టి లోపలికి లాగేసింది. పరపరా చీల్చి, ఆ ముక్కలన్నీ మోసుకుపోయి గూట్లో పేర్చుకుంది.

"అయ్యో అయ్యో, డిసెంబరు సగం తినేసిందిరా! ఏకాదశి ఎప్పుడో ఇప్పుడు దీన్నడగాలా?" అని నానమ్మ లబలబలాడింది.

"అడుగమ్మా, తిన్నది అదేగా, దానికే తెలుస్తుంది," అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. అప్పుడు అమ్మ, "పాపం, కాగితం తినేంత ఆకలా," అని క్యారెట్ ముక్కలు పెట్టింది. చేగోడీ వాటినీ బుగ్గల్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు అమ్మ పంజరం శుభ్రం చేస్తూ గూటి గుమ్మం దగ్గర పడున్న కాగితం ముక్కలు, లోపల అందినన్ని ముక్కలు, అన్నీ తీసి పారేసింది. క్యాలెండరుని అవతలి గోడకి మార్చింది. ఆవిడదీ ప్రేమేనమ్మా.

ఆ తర్వాత మూడోది. కుందన బడి నుంచి వస్తే ఎప్పుడూ పంజరం తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చే చేగోడీ ఆరోజు రాలేదు. ఒంటిమీద బొచ్చంతా ఉబ్బించుకుని, చెవులు తలకి అంటించుకుని ఓ మూల కూర్చుంది. కుందన వేలు చాపితే కిచ్ మని వెనక్కి జరిగింది. ఆ పిల్లకి ఏదో భయం పట్టుకుంది.

"నాన్నా, ఇది కూడా ఆకలేనా?"

నాన్న జీడిపప్పు తెచ్చి పెట్టాడు. చేగోడీ దాన్ని చాలాసేపు చూసింది. మెల్లిగా తీసుకుంది. మెల్లిగా బుగ్గలో పెట్టుకుంది. మెల్లిగా లోపలికి పోయింది.

"తీసుకుంది కదమ్మా, ఆకలి లేకపోతే తీసుకుంటుందా?" అన్నాడు నాన్న. కుందన ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

తెల్లారింది. కుందన లేచీ లేవగానే గట్టు దగ్గరికి పరిగెత్తింది. చేగోడీ గుండ్రంగా చుట్టుకుని ఉంది. పిలిచింది, కదల్లేదు. ముట్టుకుంది, రాయిలా చల్లగా ఉంది. కుందన అరిచిన అరుపుకి ఇంటిల్లిపాదీ వచ్చారు. నాన్న వేలితో కదిపి చూశాడు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. చెప్పుల అట్టపెట్టె తెచ్చి అందులో దాన్ని పడుకోబెట్టి, గునపం తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. జామచెట్టు కింద ధన్, ధన్ మని చప్పుడు.

అప్పుడు అమ్మ పంజరం తీసేద్దామని గూడు ఎత్తింది. దాని కింద ఏముందో తెలుసా? పొద్దుతిరుగుడు గింజలు. వాడిపోయిన క్యారెట్ ముక్కలు. జీడిపప్పు. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటీ కొరకలేదు.

అమ్మ అక్కడే చతికిలబడిపోయింది. "ఆకలి కాదత్తయ్యా," అంది. "మరి ఇన్నాళ్ళూ మనల్ని ఏమడిగింది ఇది?"

పిల్ల వెక్కిళ్ళు పెడుతోంది. నానమ్మకి ఏం చెయ్యాలో తోచక, కుందనని దగ్గర కూర్చోబెట్టుకుని జుట్టు విప్పింది. జడ వేస్తేనన్నా కుదుటపడుతుందేమోనని. గట్టు మీది నూనె సీసా తీసింది. నూనె కదల్లేదు, తెల్లగా గడ్డకట్టి ఉంది. రోజూ చేసినట్టే సీసాని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని కూర్చుంది.

కుందన ఆ చేతులకేసి చూస్తూ, "నానమ్మా, నూనె చచ్చిపోయిందా?" అంది.

"ఛ, అవేం మాటలే! చలికి గట్టిపడిందంతే. కాస్త వెచ్చగా పట్టుకుంటే అదే కరుగుతుంది."

కుందన సీసాకేసి చూసింది. గట్టుకేసి చూసింది. సీసా ఉన్న గట్టే, చేగోడీ ఉన్న గట్టే! సగం విప్పిన జుట్టుతో పెరట్లోకి పరిగెత్తింది. "నాన్నా, తవ్వకు! నాన్నా, తవ్వకు!"

అట్టపెట్టె మళ్ళీ లోపలికొచ్చింది. "పొయ్యి దగ్గర పెడదామా?" అంది అమ్మ. "వద్దు, సీసానే పెట్టం పొయ్యి మీద, పగిలిపోతుంది. చేతులు చాలు," అని నానమ్మ చేగోడీని అరచేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు పట్టుకుంది. ఏమీ లేదు. ఆ తర్వాత కుందన పట్టుకుంది. ఏమీ లేదు. బడి గంట కొట్టేశారు, ఎవరికీ గుర్తే లేదు. ఆ తర్వాత నాన్న చేతులకున్న మట్టి గబగబా చీరకొంగుతో... నాన్నకి చీరకొంగేమిటి, నా మొహం, అమ్మ కొంగుతో తుడుచుకుని పట్టుకున్నాడు. ఏమీ లేదు. ఇంకాసేపు. ఏమీ లేదు.

అప్పుడు ఒక మీసం కదిలింది.

ఒక్కటే. గాలికేమో అనుకున్నారు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ కదిలింది. ఆ తర్వాత పొట్ట ఇంత పైకి లేచి దిగింది. చాలాసేపటికి ఇంకోసారి. ఎండ వంటింట్లోకి వచ్చేసరికి చేగోడీ కళ్ళు తెరిచి, నోరంతా తెరిచి ఆవలించింది. చచ్చిపోలేదమ్మా, చలికి మొద్దునిద్రలోకి పోయిందంతే. నాన్న ఏడ్చేశాడు, జలుబు చేసిందన్నాడు.

పంజరాన్ని ఆ పూటే లోపలి గదిలోకి, గాలి తగలని చోటికి మార్చారు. నానమ్మ గోడ మీది క్యాలెండరు తీసుకొచ్చి, "ఏకాదశి సంగతి పూజారిగారిని అడుగుతాలే," అని తనే సన్నగా చింపి లోపల వేసింది. చేగోడీ ఒక్కొక్క ముక్కా మోసుకుపోయి గూడు నింపుకుంది. ఆ ఇరుకు పంజరం చాలదని నాన్న ఆ ఆదివారమే పెద్దది తెచ్చాడు. టకటకటక ఆగిపోయింది. ఎప్పుడన్నా మళ్ళీ మొదలైతే నానమ్మ చెయ్యి దానంతటదే గింజల డబ్బా మీదికి పోయేది. కుందన ఆ చెయ్యి పట్టుకుని, "ముందు చూడు నానమ్మా, తర్వాత పెడుదువుగాని," అనేది.

విన్నావుగా హన్వీ? రేపు లేవగానే, గింజలు వెయ్యకముందు చూడు. ఏ మూల కొరుకుతోందో, ఏసీ గాలి దాని మీదికి కొడుతోందేమో, పేర్చుకోడానికి కాగితాలున్నాయో లేవో. చూసి నాకు ఫోన్ చెయ్యి, మర్చిపోకు, నాకు ఆదివారం నుంచీ ఇదే గుబులు.

కథేమో కంచికి,
చేగోడీ గూటికి,
కుందన బడికి,
నువ్వేమో నిద్దరకి,
నేనేమో...

ఇదుగో, "కస్తూరీ! కస్తూరీ!" అంటూ మీ తాతయ్య ఒకటే పిలుపు. వస్తున్నానండీ! ఆకలేస్తోంది కాబోలు, అన్నం పెట్టేసి వచ్చి... ఆగు. ఆగు బంగారం, ముందు వెళ్ళి చూస్తా—