పలకని బళ్ళు

సముద్రం ఒడ్డున ఒక షెడ్డు ఉండేది. పొద్దున్నే చేపల పెట్టెలు ఎక్కించుకుని కొండ మీది ఊళ్ళకు వెళ్ళే బళ్ళు అక్కడ నిలిచేవి. వాటిలో కొన్ని పాత డీజిల్ బళ్ళు, కొన్ని కొత్తగా కొన్న కరెంటు బళ్ళు. అన్నిటినీ చూసుకునేవాడు గవరయ్య మేస్త్రి.

డీజిల్ బళ్ళ భాష గవరయ్యకు పుట్టుకతో వచ్చినట్టుండేది. బండి గేటు దాటుతుండగానే పొగ రంగు చూసి, ఇంజను దగ్గు విని, దాని బాధేమిటో చెప్పేసేవాడు. ఒకదానికి ఆయిలు మార్చాలి, ఒకదానికి ఫిల్టరు మూసుకుపోయింది, ఇంకోదానికి క్లచ్ ప్లేటు అరిగింది. రోజూ ఏదో ఒకటి మూలుగుతూనే ఉండేది. ఆయన చెయ్యి పడితే నెమ్మదించేది. డ్రైవర్లు ఆయన చుట్టూ తిరిగేవారు, టీ తెచ్చి ఇచ్చేవారు. లోకంలో తనకూ ఒక చోటుందని ఆయనకు అనిపించేది ఆ మూలుగుల మధ్యనే.

కరెంటు బళ్ళు ఆయన్ని ఏమీ అడిగేవి కావు. వచ్చి నిలబడేవి. తీగ తగిలిస్తే కరెంటు తాగేవి. తెల్లారితే చప్పుడు లేకుండా వెళ్ళిపోయేవి. వాటిని అమ్మిన కంపెనీ మనిషి ఒకరోజు వచ్చి, వీటికి ఆయిలు గొడవ లేదు గానీ బ్రేకులు మాత్రం కనిపెట్టుకుని ఉండాలని చెప్పాడు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి బ్రేకులకు పని తక్కువ. పని లేని బ్రేకులు ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, అప్పుడప్పుడూ చక్రాలు విప్పి శుభ్రం చేయాలి అన్నాడు. గవరయ్య తల ఊపాడు. మనసు మాత్రం అవతల తెల్లపొగ కక్కుతున్న డీజిల్ బండి మీద ఉంది.

ఆ ఏడు వానలకు ముందు యజమానురాలు షెడ్డుకు వచ్చింది. రెండు రకాల బళ్ళనూ పోషించడం తన వల్ల కాదంది. వానాకాలం అయ్యేదాకా రెండిటినీ సమానంగా చూసి, ఏవి కాపాడుకోవడం సులువో చెప్పమని గవరయ్యకు అప్పజెప్పింది. ఆయన ఏవి ఉంచమంటే అవి ఉంటాయి, మిగతావి అమ్మేస్తానంది.

గవరయ్యకు ఒక్కటే ఆలోచన: డీజిల్ బళ్ళు పోతే తన చేతులకు పనేముంటుంది? ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ వానాకాలమంతా డీజిల్ బళ్ళకు బాలింతలకు చేసినట్టు చేశాడు. దగ్గకముందే ఫిల్టర్లు మార్చాడు, మొరాయించకముందే బెల్టులు బిగించాడు. కరెంటు బళ్ళ జోలికి పోలేదు. యజమానురాలు వచ్చే రోజున మాత్రం వాటిని తడిగుడ్డతో పైపైన తుడిపించేవాడు. వాటికి తాను చెడేమీ చేయడం లేదు కదా, ఏమీ చేయడం లేదంతే, అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

కరెంటు బండి నడిపేవాళ్ళలో నూకరత్నం అనే ఆవిడ ఉండేది. మాట తక్కువ. ఒకరోజు బండి దిగి, గవరయ్య చేతిలో పని అయ్యేదాకా పక్కన నిలబడింది.

“బ్రేకు తొక్కితే చక్రం కాడ ఏదో గీసుకుంటంది, మేస్త్రిగారూ.”

గవరయ్య తలెత్తలేదు. “తొక్కడమెందుకమ్మా? కాలు తీస్తే అదే ఆగే బండి కదా.”

ఆమె ఇంకాస్సేపు నిలబడి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వానలు ముదిరాక ఒకరోజు కొండ మీద రోడ్డుకడ్డంగా చెట్టు పడింది. దాన్ని తీసేదాకా బళ్ళన్నీ పైనే ఆగిపోయాయి. ఖాళీగా ఉండటం ఎందుకని నూకరత్నం అక్కడే తీగ తగిలించి బ్యాటరీ నిండా నింపుకుంది. దారి తెరిచాక దిగడం మొదలుపెట్టింది. రోజూలాగే కాలు తీసింది. బండి నెమ్మదించలేదు. బండిని నెమ్మదింపజేసేటప్పుడు మోటారు కరెంటు పుట్టిస్తుంది; దాన్ని దాచుకోవడానికి నిండు బ్యాటరీలో చోటు లేక మోటారు పట్టు వదిలేసింది. బ్రేకు తొక్కింది. ఒక పక్క చక్రమే పట్టింది, రెండో పక్కది పట్టలేదు. బండి లోయ వైపు లాగుతుంటే, ఆమె బలమంతా పెట్టి కొండ వైపుకు తిప్పి రాతికి గుద్దించింది. ప్రాణం దక్కింది. కాలు విరిగింది.

బండిని షెడ్డుకు ఈడ్చుకొచ్చారు. డీజిల్ డ్రైవరొకడు గవరయ్య పక్కకొచ్చి, గొంతు తగ్గించి, “మీరనుకున్నట్టే అయింది మేస్త్రిగారూ,” అన్నాడు. అతను మెచ్చుకోలుగానే అన్నాడు. గవరయ్యకు నడిబజారులో ఒంటిమీద బట్ట జారినట్టయింది. తన మనసులో ఉన్నది వీళ్ళందరికీ ఎప్పటినుంచో తెలుసన్నమాట.

ఆయన చక్రం విప్పాడు. బ్రేకు ప్యాడ్లు కొత్తవాటిలా మందంగానే ఉన్నాయి. అరగలేదు. ఎవరూ పట్టించుకోక ఉన్నచోటే బిగుసుకుపోయాయి. అరచేతిలో రాలిన తుప్పును దులుపుకోబోయి, దులుపుకోలేక అలాగే కూర్చుండిపోయాడు.

ఆసుపత్రికి వెళితే నూకరత్నం లేవబోయింది. వద్దన్నాడు. తన తప్పు ఎలా మొదలుపెట్టాలా అని వెతుక్కుంటుంటే ఆమే అంది:

“నాదే పొరపాటండి. ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. మళ్ళీ చెప్పాల్సింది.”

తిట్టినా తట్టుకునేవాడేమో. ఆ మాటకు మాత్రం ఆమె మొహం చూడలేకపోయాడు. తెచ్చిన పళ్ళు మంచం పక్కన పెట్టి వచ్చేశాడు. చెప్పాలనుకున్నది చెప్పనేలేదని సగం దారిలో గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ఆమె విని కళ్ళు మూసుకుంది. క్షమించానని అనలేదు.

వానాకాలం అయ్యాక యజమానురాలు వచ్చి, ఏ బళ్ళు ఉంచమంటావని అందరి ముందూ అడిగింది. కరెంటు బళ్ళ పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

“నేను పోల్చలేదమ్మా,” అన్నాడు గవరయ్య. “ఒకవైపు వాటినే చూశాను. రెండోవైపు వాటిని కావాలనే వదిలేశాను. రత్నం కాలు విరగ్గొట్టింది బండి కాదు.”

ఆయన పనిలోంచి తీసేస్తుందనుకుని తల వంచుకున్నాడు. యజమానురాలు మాత్రం నలిగిన బండి మూతిని చూస్తూ ఉండిపోయింది.

“చూసుకునే పనే ఉండదనే కొన్నాను నేనూ,” అంది చివరికి.

సరైన పోలికే లేదు కాబట్టి ఆ ఏటికి ఏ బండినీ అమ్మలేదు. గవరయ్యను తీసేయలేదు. అదే ఆయనకు కష్టమైంది. ‘మేస్త్రిగారూ’ అని ఎవరు పిలిచినా ఆ పిలుపు వేరెవరిదో తాను తొడుక్కున్నట్టుండేది. డీజిల్ బళ్ళను తన కింద పని నేర్చుకుంటున్న కుర్రమేస్త్రీలకు అప్పగించి, కరెంటు బళ్ళ చక్రాలు తానే ఒక్కొక్కటిగా విప్పేవాడు.

చలికాలం వెళ్ళాక నూకరత్నం పనిలోకి వచ్చింది. ఇంకా నడపలేక, పెట్టెల లెక్క చూస్తూ కుర్చీలో కూర్చునేది. గవరయ్య వచ్చి కాలెలా ఉందని అడిగాడు.

“బానే ఉందండి.”

అవతల ఒక డీజిల్ బండి ఆగి ఆగి మొరాయిస్తోంది. డ్రైవరు ఆయన్ని గట్టిగా కేకేశాడు. గవరయ్య వెళ్ళలేదు. ఒక ఖాళీ పెట్టె బోర్లించుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. నూకరత్నం పెట్టెల వైపు చూసింది, గేటు వైపు చూసింది. ఆయన లేవలేదు. చాలాసేపటికి,

“మెట్లు దిగేటప్పుడు లాగేస్తంది,” అంది మెల్లగా.

“ఇంకా?” అన్నాడు గవరయ్య.