ఎండలో తీతువు గుడ్లు

ఎవరైనా ప్రశ్న అడిగితే దస్తగిరి సారు ముందు చెప్పులు తొడుక్కోమనేవారు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. పక్షుల ఫొటోలు తీయడం నేర్చుకోవాలని వచ్చినవాళ్లకు కాదనకుండా నేర్పేవారు. కానీ నోటితో చెప్పిన జవాబు చెవి దగ్గరే ఆగిపోతుందని ఆయన నమ్మకం. అందుకే ఎవరు ఏమి అడిగినా బయటికి తీసుకుపోయేవారు.

ఆయన శిష్యుల్లో ఓబులేసు ఒకడు. ఊళ్లో ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం అతనిది. పట్టుదల గలవాడు. ఆ పట్టుదలను తానే మెచ్చుకునే గుణం కూడా ఉన్నవాడు. ఒక ఎండాకాలం ఉదయం సారు ఇంటికొచ్చి, అరుగు మీద కెమెరా సంచి దించి అడిగాడు.

"సార్, ఓపిక పట్టినా పని కాకపోతే తప్పు ఎవరిది?"

"ఏం పనిరా?"

"తీతువు పిట్ట సార్. కుంట పైన రాళ్ల బీడులో గుడ్లు పెట్టింది. ఎండ ముదిరితే రొమ్ము ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుందంట. నాకు ఆ ఫొటో కావాల. నిన్న ఎండెక్కిందాకా కూర్చున్నా. చీమలు కుట్టినా కదల్లేదు. అది రానే రాలా."

"చెప్పులేసుకో."

"వేసుకునే ఉన్నా సార్."

"అయితే నావి ఎక్కడున్నాయో చూడు."

ఇద్దరూ బీడు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. తీతువు గూడు కట్టదు. రాళ్ల మధ్య చిన్న గుంట చేసుకుని అందులోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లకు రాళ్ల రంగే, రాళ్ల మచ్చలే. ఓబులేసు వాటికి దగ్గరగా, తను ముందే చూసిపెట్టుకున్న చోట కూర్చుని, పచ్చ గుడ్డ కప్పుకుని, లెన్సు ఒక్కటే బయటికి పెట్టాడు. గుడ్డ కప్పుకుంటే మనిషి అక్కడ లేనట్టేనని అతని లెక్క. సారు దూరంగా తుమ్మచెట్టు కిందికి పోయారు.

పిట్ట మొదట నెత్తిమీద తిరుగుతూ గోల పెట్టింది. తర్వాత నేలకు దిగి, తన పసుపు కాళ్లతో గబగబా నాలుగడుగులు పరిగెత్తి ఆగింది. ఏమీ లేనిచోట పురుగులు ఏరుతున్నట్టు నటించింది. ఇంకోచోటికి పోయి ఈకలు విదిలించుకుని, గుడ్లు అక్కడే ఉన్నట్టు సర్దుకుని కూర్చుంది. ఓబులేసుకు నవ్వాగలేదు.

"సార్, అబద్ధం ఆడతా ఉంది!" అని గుడ్డలోంచే కేకేశాడు.

"ఎందుకు ఆడుతుందో అడుగు," అన్నారు సారు.

ఓబులేసు ఆ మాటను వేళాకోళం అనుకున్నాడు. మళ్లీ బిగుసుకుని కూర్చున్నాడు. కాలు తిమ్మిరెక్కింది. చెమట కంట్లోకి దిగింది. అయినా కదలలేదు. తను పడే కష్టం పెరిగినకొద్దీ ఫొటో మీద తన హక్కు కూడా పెరుగుతోందని అతనికి అనిపించింది. ఈ లెక్క అతనొక్కడిదే కాదు. అలిగిన మనిషి గుమ్మం ముందు రోజంతా కూర్చుని, ఆ కూర్చోవడాన్నే మంచితనంగా చెప్పుకునేవాళ్లు మన చుట్టూ కూడా ఉన్నారు. లోపల ఉన్నవాళ్లు బయటికి రాలేక ఏమవుతున్నారో వాళ్లు అడగరు.

కొంతసేపటికి సారు వచ్చి అతని పక్కన గొంతుకూర్చున్నారు.

"ఆ రాయి మీద చెయ్యి పెట్టు."

ఓబులేసు గుడ్డలోంచి చెయ్యి చాపి, ముందున్న రాయి మీద పెట్టి, వెంటనే లాక్కున్నాడు. "అబ్బా! కాలిపోతా ఉంది సార్."

"దాని పక్కనున్నవి రాళ్లు కాదు."

ఓబులేసు గుడ్ల వైపు చూశాడు. వాటి మీద ఎండ తప్ప ఏమీ లేదు.

"ఇంకొంచెం ఆగితే వస్తుంది సార్," అన్నాడు, గొంతులో ఇందాకటి ధైర్యం లేకుండా. "నేను కదలడం లేదు కదా."

"అదీ ఆగే ఉంది, నువ్వు పోతావని. నీకు ఓపిక ఉంది, దానికీ ఉంది. గుడ్లకే లేదు."

ఓబులేసు గుడ్డ తీసి పారేశాడు. తిమ్మిరెక్కిన కాలు ఈడ్చుకుంటూ, కెమెరా ఎత్తుకుని, వెనక్కి తిరగకుండా కుంటకట్ట దాటిందాకా నడిచాడు. సారు గుడ్డ మడతపెట్టి చంకలో పెట్టుకుని వెనకే వచ్చారు. కట్ట అవతల నిలబడి ఇద్దరూ చూశారు. పిట్ట వెంటనే గుడ్ల దగ్గరికి పోలేదు. కుంటలో మిగిలిన కాసిని నీళ్లలోకి దిగి, రొమ్ము ఆనించి, కాసేపు అలాగే ఉండిపోయింది. లేచి నాలుగు దిక్కులా చూసుకుంది. తర్వాత బీడు మీదికి పరుగు తీసి, తడి ఈకలు విప్పి గుడ్ల మీద కూర్చుంది.

ఓబులేసు కెమెరా ఎత్తాడు. అంత దూరానికి పిట్ట గురివింద గింజంత కనబడింది. దించేశాడు.

"సార్, గుడ్లు బతికుంటాయా?"

సారు చంకలోని గుడ్డ సర్దుకున్నారు.

"ఒక్కసారి పోయి తాకి చూసొస్తా. తెలిసిపోతుంది."

ఒక అడుగు వేశాడు. అంత దూరాన పిట్ట తల ఎత్తింది. వేసిన అడుగు దగ్గరే ఓబులేసు నిలిచిపోయాడు.

"తెలియాల్సిన దానికి తెలుస్తుందిలే," అన్నారు సారు. "నడువు."