మూడు వంపుల ఏరు

అనగనగా ఒక రాజు. ఆ రాజుగారి రాజ్యంలో ఒక ఏరు. పేరు హంసలేరు. మూడు చోట్ల వంపులు తిరుగుతూ, వానాకాలంలో పొలాల మీద పరుచుకుని, మెత్తటి ఒండ్రు వేసి, తన దారిన తాను పోయేది.

ఒక ఏడు వరదనీళ్లు కోటమెట్లు తడిపాయి. రాజుగారికి కోపం వచ్చింది. అదే అదునని కరాళుడనే మాంత్రికుడు దిగాడు.

“మహారాజా, ఏటికి అటూ ఇటూ మట్టిగోడ పెట్టి, వంపులు లేకుండా తాడులాగా తిన్నగా లాగేస్తాను. ఒక్కటే షరతు. గోడ మీ కోటంత ఎత్తయిన నాడు రాజ్యం నాది.”

“మట్టిగోడ కోటంత అవుతుందా!” అని నవ్వి రాజు ఒప్పుకున్నాడు.

అవుతూ వచ్చింది మరి! పొలాల మీద పడాల్సిన ఒండ్రు ఏటి అడుగున పేరుకుంది. అడుగు లేచింది, నీరు లేచింది, గోడ లేపక తప్పలేదు. పెద్ద రాకుమారుడు లేపాడు. రెండోవాడు ఇంకా లేపాడు. గోడతోపాటు మాంత్రికుడూ పొడుగయ్యాడు. ఇటు చూస్తే బావులు ఎండాయి, చేలు చవుడు తేలాయి. కోటకూ గోడకూ ఇక జానెడే తేడా.

మూడోవాడు వసంతకేతుడు. గుర్రమెక్కి బయల్దేరాడు. దారిలో ముసలి తాబేలు ఎదురైంది.

“ఎక్కడికి నాయనా?”

“ఏడు సముద్రాల అవతలికి తాతా. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందిగా!”

తాబేలు పడీపడీ నవ్వింది. “గోడను గుమ్మంలో పెట్టుకుని చిలక కోసం సముద్రాలు ఈదుతావా? వాడి ప్రాణం ఆ గోడే! పాత వంపులు నేను చూపిస్తా. మావాళ్లు గుడ్లు పెట్టిన ఇసుక నాకు తెలీదూ?”

వసంతకేతుడు గునపం ఎత్తాడు. పడవ నడిపే పిల్ల చెంగలువ అడ్డం నిలబడింది.

“ఆగు దొరా! ఇప్పుడు తవ్వితే మా ఇళ్లు మునగవూ? ఈ మట్టితోనే ముందు దిబ్బలు పోయండి. దిబ్బ మీద ఇల్లు, గుంజకు పడవ. మా తాతలు అలాగే బతికారు. తట్ట మోసిన అలవాటుందా?”

“లేదు.”

“ఇవాళ అవుతుంది.”

ఊరంతా కదిలింది. గోడ దిగింది, దిబ్బలు లేచాయి. అన్నలిద్దరూ సిగ్గుపడుతూ తట్టలు అందుకున్నారు.

మొదటి వంపు తెరిచారు. తాడిచెట్టంత మాంత్రికుడు మనిషంతయ్యాడు. రెండో వంపు తెరిచారు. మేకపిల్లంతయ్యాడు. “నా గోడ! నా గోడ!” అని గంతులేశాడు. మూడో వంపు తెరిచేసరికి మిడతంతయ్యాడు. అప్పుడే వాన దిగింది. ఏరు తన పాత వంపులన్నీ తిరిగి, మిడతను ఒక ఆకు మీద ఎక్కించుకుని సముద్రానికి పట్టుకుపోయింది.

నీళ్లు పొలాల మీద పరుచుకున్నాయి. దిబ్బ ఒక్కటీ మునగలేదు. బావులు నిండాయి, చేపలు ఎదురెక్కాయి, ఒండ్రులో పైరు పచ్చగా లేచింది.

మరుసటి వానాకాలం చెంగలువకూ వసంతకేతుడికీ పెళ్లి. చుట్టాలంతా పడవల్లో వచ్చారు. ఏరు కూడా వచ్చి కోటమెట్లు తడిపింది. ఈసారి రాజుగారు గబగబా దిగివచ్చి, ఆ నీళ్లలో పసుపూ కుంకుమా వేసి, “రా తల్లీ, పెళ్లి చూసి వెళ్లు” అన్నారు.

కొత్త దంపతులు చాలాకాలం రాజ్యమేలారు. ఏరు తన వంపుల్లోకి, మనం మన దిబ్బమీదికి!