వెనక సీటు బరువు

ఒక ఊరి దొరకి కొత్త బైకుండేది. మెత్తగా ఊగితే నామోషీ అని, మెకానిక్కు పోలయ్య చేత వెనక స్ప్రింగు గట్టిగా బిగింపించాడు. ఇక ప్రతి గుంతకీ సీటు మీంచి ఎగిరిపడి, పోలయ్య మీదకి గొడవకొచ్చాడు.

"బండి పాడుచేశావురా. నీ షెడ్డు పీకిస్తా."

కాలు బెణికి మంచమ్మీదున్న తల్లిని ఆసుపత్రికెలా తీసుకెళ్లాలా అని పోలయ్య పొద్దుట్నుంచీ దిగులుగా ఉన్నాడు.

"అయ్యా, ఆ బిగుతు ఇద్దరి బరువుకి. మా అమ్మని వెనక కూర్చోబెట్టుకుని టౌనాసుపత్రి దాకా వెళ్లిరండి. అప్పటికీ ఎగిరితే షెడ్డు నేనే పీకేస్తా."

సాయంత్రం ఇద్దరూ హాయిగా వచ్చి దిగారు. తల్లి కాలికున్న కట్టు చూసి పోలయ్య దొరకి దణ్ణం పెట్టాడు. స్పానరు తీసి స్ప్రింగు వదులు చేశాడు.

"ఇక మీరొక్కరే వెళ్లినా ఎగరదయ్యా."

"ఈ పనేదో పొద్దున్నే చెయ్యొచ్చుగా?"

"చెయ్యొచ్చయ్యా. మరి మా అమ్మనెవరు తీసుకెళ్లేవాళ్లు?"

దొర నవ్వాపుకోలేకపోయాడు.

"కట్టు మార్చడానికి రేపు మళ్లీ రమ్మన్నార్రా. బిగించు."