రెండో పిడికెడు

ఇది రాస్తున్నామె ఇంతకు ముందు ఏదీ రాసి ఎరగదు. ఐదో తరగతితో బడి మానేశాక ఆమె చేత్తో రాసిందల్లా సంతకమే. ‘నేను’ అని రాయడానికి సిగ్గేసి తన పేరే రాసుకుంది, సలోమి అని. సంఘపెద్ద ఆమె పెనిమిటి. ఆయన పేరు ఎన్నడూ నోటితో పలికింది లేదు కనుక ఇక్కడ కూడా పెద్దాయన అనే ఉంటుంది.

సలోమికి దేవుని మాటలు నేర్పింది హన్నమ్మ టీచరమ్మ. చర్చి వెనక రేకుల షెడ్డులో ఎన్నో ఏళ్ళుగా పిల్లలకి ఆదివారపు బడి నడుపుతున్న మనిషి. తన తర్వాత ఆ బడి సలోమి నడపాలని ఆమె ఆశ. సలోమికేమో నలుగురిలో నోరు పెగలదు. టీచరమ్మకి ఒక అలవాటుంది. ఏదన్నా సందేహం అడిగితే జవాబు చెప్పదు. చేతికి చేటో గరిటో అందిస్తుంది.

ఆ ఊరి విశ్వాసుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరున డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ ఒక్కచోట గుమ్మరించి, బడికొచ్చిన పిల్లలకి డేగిసా అనే పెద్ద గిన్నెలో పప్పన్నం వండుతారు. ఒక ఇంటివి సన్నబియ్యం, ఒక ఇంటివి దొడ్డుబియ్యం, ఇంకో ఇంటివి చౌక డిపోవి. అన్నం ఏనాడూ సమంగా ఉడకదు. పిల్లలు మాత్రం వేళ్ళు నాక్కుంటూ తింటారు.

క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం టీచరమ్మ తనకి ఇవ్వలేదని తబిత అనే పిల్ల ఆ డేగిసానే తన్నింది. టీచరమ్మ పొయ్యి మీంచి దించుతుండగా తన్నింది. పప్పన్నమంతా మట్టి పాలయింది, పిల్లలంతా పస్తుతో ఇళ్ళకి పోయారు, టీచరమ్మ పాదం బొబ్బలెక్కింది. పెద్దాయన వచ్చి గద్దిస్తే ఆ పిల్ల కళ్ళు దించలేదు.

“అవును, నేనే తన్నా. మళ్ళీ వండితే మళ్ళీ తన్నుతా.”

“అందరి ముందూ మోకాళ్ళ మీద నిలబడి, తప్పయిందని టీచరమ్మ కాళ్ళు పట్టుకో. అందాకా నీకు ఇక్కడ చాప లేదు, విస్తరి లేదు” అని తీర్పు చెప్పాడు పెద్దాయన. సంఘంలో అందరికీ అది సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే సలోమికీ తోచింది.

ఆ శనివారం సాయంత్రం టీచరమ్మ అరుగు మీద ఇద్దరూ బియ్యంలో రాళ్ళేరుతున్నారు. టీచరమ్మ కాలికి గుడ్డ కట్టి ఉంది. సలోమి ఏరుతూ ఏరుతూ అడిగింది.

“టీచరమ్మా, దేవుడు అందరినీ క్షమిస్తాడని పిల్లలకి చెప్తాం కదా. అడగని వాళ్ళని కూడా క్షమిస్తాడని చెప్తే, ఇంక వాళ్ళకి భయం ఎక్కడుంటుంది?”

టీచరమ్మ చేటలోంచి తల ఎత్తలేదు. “రేపు ఒక విస్తరి ఎక్కువ కుట్టుకురా” అంది, అంతే.

ఆదివారం తబిత వచ్చింది. లోపలికి రాదు, ఇంటికీ పోదు. గేటు బయట చేతులు కట్టుకుని నిలబడింది. లోపల పిల్లలు వరసగా కూర్చున్నారు. టీచరమ్మ మొదటి విస్తరిలో పప్పన్నం వడ్డించుకుని, కుంటుకుంటూ గేటు వైపు నడిచింది. పెద్దాయన అడ్డం వచ్చాడు.

“ఎక్కడికి హన్నమ్మగారూ?”

“వడ్డించడానికి పెద్దయ్యా.”

“ఆ పిల్ల ఇంకా తప్పయిందని అనలేదు.”

“నాకు చెవులున్నాయి. అనలేదు.”

“మరి? అడక్కుండానే క్షమించేస్తే రేపు దేవుడికి భయపడేదెవరు?”

“దేవుడికి భయపడుతూ వచ్చి కూర్చున్న వాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళు తినేటప్పుడు కూడా భయంగానే తిన్నారు. పెద్దయ్యా, తప్పయిందని అన్నాక పెట్టేది కూలి. అనక ముందే పెట్టేది అన్నం. నాకు కూలి పంచడం రాదు. కాలింది నా కాలు, తప్పుకోండి.”

పెద్దాయన మొహం కందగడ్డ అయింది. టీచరమ్మని ఏమీ అనలేక భార్య వైపు తిరిగాడు. “ఇదిగో, ఆ డేగిసా మీద మూత పెట్టు!” సలోమి మూత చేతిలోకి తీసుకుంది. పెట్టలేదు, దించలేదు. అలా పట్టుకునే నిలబడింది.

గేటు దగ్గర టీచరమ్మ విస్తరి అందించబోయింది. తబిత దాన్ని ఒక్క విసురు విసిరింది. పప్పు టీచరమ్మ చీర కుచ్చిళ్ళ మీద పడింది.

“చూశారా! చూశారా!” అన్నాడు పెద్దాయన, గెలిచినవాడిలా.

టీచరమ్మ కుంటుకుంటూ వెనక్కొచ్చి, తనకోసం అట్టేపెట్టుకున్న విస్తరిలో తబితకే మళ్ళీ వడ్డించింది. వరసలో కూర్చున్న ప్రిస్కిల్లకి, అదే, దేవదూత వేషం దక్కిన పిల్లకి, ఇదేదో లాభసాటిగా కనిపించింది. “టీచరమ్మా, అయితే నేను తన్నినా రెండోసారి పెడతావా?” అని అడిగింది.

“పెడతాను. డేగిసా వేడిగా ఉంది, చూసుకుని తన్ను.”

పిల్లలంతా గొల్లున నవ్వారు. ప్రిస్కిల్ల కాళ్ళు ముడుచుకుని బుద్ధిగా తినడంలో పడింది.

రెండో విస్తరిని తబిత విసిరెయ్యలేదు. తినలేదు కూడా. రెండు చేతులతో పట్టుకుని అంది, “నాకు నువ్వంటే ఇష్టం లేదు.”

“తెలుసులే. పప్పు చల్లారిపోతోంది.”

ఆ పిల్ల విస్తరిని గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. కాకులు దిగాయి.

అందరూ వెళ్ళాక గిన్నెలు తోముతూ సలోమి ఉండబట్టలేకపోయింది. “ఒకటి పారేసింది, ఒకటి కాకులకి వదిలింది. తప్పయిందని ఒక్క మాట అన్లేదు. మీరు పస్తున్నారు, ఆయనతో మాటపడ్డారు. ఇంతా చేసి ఏమొచ్చింది టీచరమ్మా?”

టీచరమ్మ బూడిద చేత్తోనే మొహాన పడిన జుట్టు వెనక్కి తోసుకుంది.

“వచ్చే ఆదివారం కూడా ఆ పిల్లకి ఆకలేస్తుంది కదే” అంది.

మర్నాడు పొద్దున సలోమి ఎసరు పెట్టి బియ్యం కొలిచింది. ఎప్పటిలాగే ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసింది. మళ్ళీ ఇంకో పిడికెడు తీసింది. గడప మీద టీ తాగుతున్న పెద్దాయన గ్లాసు దించాడు.

“ఆ రెండోది ఎవరికి?”

“తబితకి.”

“తప్పయిందని చెప్పిందా?”

“లేదు” అంది సలోమి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన కళ్ళలోకి చూస్తూ అంది. అని, విసిరేస్తే మళ్ళీ పెట్టడానికి ఇంకో పిడికెడు తీసింది.