జింగిరి కొండచుట్టు

అనగనగా ఒక అడవి. బండిబాటలూ కాలిబాటలూ అన్నీ అలసిపోయి ఆగిపోయే చోటికి ఇంకా అవతల ఉండేది. దాని నడుమ ఒక పెద్ద కొండ. దూరం నుంచి చూస్తే పడుకున్న ఎద్దులా కనిపించేది కాబట్టి దాన్ని మూపురాల కొండ అనేవారు. ఎద్దుకు ఒక్కటే మూపురం కదా అంటారా? నిజమే. ఈ ఎద్దుకు మాత్రం రెండు. కొండలకు లెక్కలు రావు, పోనివ్వండి.

ఆ కొండకు ముందువైపు ఒక మడుగు. మడుగు గట్టున జింగిరి అనే ముంగిస ఉండేది. దానికి అరికాళ్ళలో చక్రాలు. ఉన్నచోట ఉండలేదు. దాని పక్క పొదలో దూదిమామ అనే ముసలి కుందేలు. దూదిమామకు జీవితంలో ఒక్కటే కోరిక మిగిలింది. కొండకు వెనకవైపు ఒక జలపాతం ఉంది. వానల తర్వాత దాని హోరు మడుగు దాకా వినిపిస్తుంది.

"పుట్టినప్పటి నుంచీ చప్పుడే వింటున్నానే జింగిరీ! ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు" అన్నాడు దూదిమామ.

జింగిరి ఎగిరి గంతేసింది. "చూద్దాం మామా! వెళ్ళిన దారినే తిరిగి రావడం కాదు. కొండ చుట్టూ తిరిగి వద్దాం. పొద్దున్నే బయలుదేరి పొద్దుగూకేలోపు ఇంట్లో ఉందాం!"

పొద్దుగూకేలోపు అని ఎందుకందంటే, జలపాతం ఉన్న లోయ పగలు అందరిదీ, చీకటి పడితే చిరుతది. అది ఆ అడవిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

జింగిరి తడి ఇసుకలో గోటితో కొండ బొమ్మ గీసింది. తర్వాత దారి కనుక్కోవడానికి పరుగెత్తింది.

మొదట పెద్ద కొమ్ముల కణుజు జింక దగ్గరికి వెళ్ళింది. "కణుజన్నా, మొదటి మూపురం దారి ఎలా ఉంటుంది?"

"హాయిగా ఉంటుంది. కాళ్ళు వాటంతట అవే నడుస్తాయి" అంది కణుజు.

తర్వాత కొండముచ్చును అడిగింది. "అత్తా, ఆ తర్వాత నల్లబండ మీద నీళ్ళు దొరుకుతాయా?"

"దొరక్కేం! సరిగ్గా నాలుక పిడచకట్టే వేళకు చల్లటి ఊట ఎదురొస్తుంది" అంది కొండముచ్చు, తన పిల్ల తలలో పేలు చూసుకుంటూ.

చివరికి అడవిపందిని అడిగింది. అది బురదలో నడుం దాకా దిగి ఉంది. బురదలో ఉన్న పందితో మాట్లాడటమంటే స్నానాల గదిలో ఉన్న మనిషితో మాట్లాడటమే. తొందరగా ముగించాలని చూస్తుంది.

"బాబాయ్, లోయ దగ్గర రెండో మూపురం?"

"అదా? జర్రున జారడమే!" అని మళ్ళీ మునిగింది పంది.

జింగిరి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఇసుకలో దారంతా గీసేసింది. ముసలి ఎలుగుబంటి ఎలుగవ్వ వచ్చి ఆ బొమ్మను కాసేపు చూసింది.

"బాగుందే పిల్లా. ఏ వైపు నుంచి తిరుగుతారు?"

"కొండను కుడిచేతికి ఉంచుకునే అవ్వా! తొలిసారి తిరిగేటప్పుడు అదే కదా మన మర్యాద."

"మంచిదే. మరి నీకు దారి చెప్పినవాళ్ళు ఎటు నుంచి నడిచి చెప్పారో అడిగావా?"

"ఎటు నుంచైతే ఏముంది అవ్వా? దారి దారే!"

ఎలుగవ్వ ఏదో అనబోయింది. కానీ జింగిరి అప్పటికే దూదిమామ పొద దగ్గర ఉంది.

తెల్లారింది. ఇద్దరూ బయలుదేరారు. మంచులో తడిసిన గడ్డి ఘుమఘుమలాడుతోంది. జింగిరి తోక జెండాలా నిలబడింది. "మామా, ఇప్పుడు చూడు, కాళ్ళు వాటంతట అవే నడుస్తాయి!"

నడవలేదు. దారి నిటారుగా పైకి లేచింది. జింగిరి రొప్పుతూ, జారుతూ, మళ్ళీ పాకుతూ ఎక్కింది. దూదిమామ మాత్రం చెంగు చెంగున వెళ్ళాడు. కుందేలుకు వెనక కాళ్ళు పొడుగు కదా, ఎగుడు దానికి పండగ. దిగుడంటేనే దండగ.

"ఆ కణుజు అబద్ధాలకోరు!" అంది జింగిరి.

మూపురం ఎక్కగానే ఊట కనిపించింది. "తాగుదామా?" అన్నాడు దూదిమామ.

"ఇప్పుడే దాహమేంటి మామా? నాలుక పిడచకట్టే వేళకు ఊట వస్తుందంది అత్త. అది ముందుందిలే!"

ముందు ఊట లేదు. నల్లబండ ఉంది. ఎండకు పెనంలా కాలుతోంది. నీడ లేదు, నీటి చుక్క లేదు. ఇద్దరి నాలుకలూ నిజంగానే పిడచకట్టాయి. దొరికిన కాస్త రాతి నీడలో దూదిమామ కూలబడ్డాడు. ఎండ చల్లబడేదాకా కదలలేకపోయాడు.

"కొండముచ్చు కూడా అబద్ధమే చెప్పింది!" అంది జింగిరి ఏడుపు గొంతుతో.

దూదిమామ కళ్ళు మూసుకునే అన్నాడు. "లేదే పిల్లా. ఊట ఉంది. ఆమె ఈ బండ మీంచి అటు వెళ్తుంది. మనం అటు నుంచి ఇటు వచ్చాం."

జింగిరి వెనక్కి తిరిగి, వచ్చిన దారి వైపు చూసింది. అంతలో గాలి మళ్ళింది. హోరు వినిపించింది!

ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది. బండ దిగుతూ దూదిమామ పల్టీలు కొట్టాడు. అయినా నవ్వుతూనే లేచాడు. మలుపు తిరిగారు. ఎదురుగా, ఆకాశం నుంచి పాలకుండ ఒలికినట్టు జలపాతం! తుంపరలో చిన్న ఇంద్రధనుస్సు. దూదిమామ చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి.

"ఇన్నాళ్ళూ నన్ను పిలిచింది నువ్వేనా!" అన్నాడు జలపాతంతో.

కడుపు నిండా తాగారు. తలెత్తి చూసేసరికి పొద్దు చెట్ల కొసల్లోకి జారింది. ఇంటికి మిగిలింది రెండో మూపురం ఒక్కటే. దాని ముందు ఇద్దరూ ఆగిపోయారు. మూపురం నిండా కాలు పెడితే జారే పలుగురాళ్ళు. పందికి జర్రున జారడమే. కింద నుంచి ఎక్కేవాళ్ళకు మాత్రం ఒక అడుగు పైకేస్తే రెండడుగులు కిందికి!

దూరంగా పొదల్లో రంపం కోసినట్టు చప్పుడైంది. గర్ర్... గర్ర్... చిరుత నిద్ర లేచింది.

"నువ్వు పరుగెత్తు జింగిరీ. నేను చూడాల్సింది చూసేశాను" అన్నాడు దూదిమామ.

"నోర్ముయ్ మామా!" అంది జింగిరి. పెద్దల్ని అలా అనకూడదు. కానీ అప్పుడు అనొచ్చు.

అప్పుడే ఒక ఉడుము రాళ్ళ పక్కన కనిపించింది. "పైకి దారేది?" అని అరవబోయి జింగిరి ఆగింది. అడగాల్సిన మాట ముందు అడిగింది.

"అన్నా, నువ్వు ఎటు నుంచి ఎటు వెళ్తున్నావు?"

"లోయలోంచి పైకే. రోజూ ఇదే వేళకు" అంది ఉడుము.

"అయితే నీ వెనకే వస్తాం!"

ఉడుము రాళ్ళ జోలికే పోలేదు. పొదల చాటున రాతి అరుగులు మెట్టు మీద మెట్టుగా ఉన్నాయి. కింద నుంచి వెతికేవాళ్ళకే కనిపిస్తాయవి. దూదిమామ అరుగు మీంచి అరుగు మీదికి ఎగిరాడు. ఎగుడు కదా, ఆయనకు పండగే! "రావే, రా!" అని పైనుంచి కేకలేశాడు. జింగిరి పాకింది, పట్టుకుంది, మళ్ళీ పాకింది. రంపం చప్పుడు రాళ్ళ అడుగు దాకా వచ్చింది. అది లోయ అంచు, అక్కడే ఆగిపోయింది.

మూపురం మీద నిలబడి చూస్తే కింద తమ మడుగు! ఆఖరి ఎరుపు దాని మీద మెరుస్తోంది. ఇద్దరూ అరిచిన అరుపుకు కొంగలన్నీ లేచిపోయాయి.

గట్టు చేరగానే జింగిరి పందిని నిలదీసింది. "జర్రున జారడమే అన్నావేం బాబాయ్?"

"నేను జారతాను కాబట్టి అన్నాను తల్లీ! నువ్వు ఎక్కుతానని నాకెప్పుడు చెప్పావు?" అంది పంది.

ఎలుగవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. దూదిమామ నవ్వాడు. చివరికి జింగిరి కూడా.

ఆ మర్నాడు ఒక దుప్పిపిల్ల వచ్చింది. "అక్కా, జలపాతం దారి ఎలా ఉంటుంది?"

జింగిరికి చెప్పాలని నాలుక దురద పెడుతోంది. అయినా ఆగింది.

"చెప్తాను. ముందు నువ్వు కొండను ఏ చేతికి ఉంచుకుని వెళ్తావో చెప్పు."

నీతి: దారి చెప్పినవాడి మాట వినడమే కాదు, అతను ఎటు నుంచి నడిచి ఆ మాట చెప్పాడో కూడా అడగాలి.