జీలుగు గెల కిందికి దిగిన కథ

ఒకప్పుడు జీలుగు చెట్టుకి చావు లేదు. చేపతోకల్లాంటి ఆకులు ఊపుకుంటూ, ఎన్నేళ్ళయినా తలలోనే పూసేది. కింద గెల వేయడమంటే దానికి మహా నామోషీ.

కొండమీద అలాంటి ఒక జీలుగు పక్కనే లచ్చిరెడ్డి అనే ముసలాయన, ఆయన భార్య పండమ్మ గుడిసె వేసుకుని ఉండేవాళ్ళు. వేసవి వస్తే ఇంట్లో గింజలు అయిపోయేవి. పండమ్మకి పళ్ళు లేవు, దుంపలు నమల్లేదు. గెల కోసి ముంత కడితే దిగే తియ్యటి కల్లే ఆవిడకి కూడు. అందుకే లచ్చిరెడ్డి రోజూ చెట్టెక్కేవాడు.

ఒక వేసవిలో ఆయన కాళ్ళు వణకడం మొదలైంది. ఓ పొద్దున సగం దాకా ఎక్కి, చెట్టును కావలించుకుని ఆగిపోయాడు. ఆయన గుండె దడదడలాడటం చెట్టుకి వినిపించింది.

"దిగిపో తాతా, పడిపోతావు," అంది జీలుగు.

"దిగితే ముసలిది పస్తుంటది," అని ఆయన మళ్ళీ పైకి పాకాడు.

పాపం, చెట్టుకి ఆ రోజంతా మనసు మనసులో లేదు. సాయంత్రం కొండగాలి రాగానే అడిగింది. "నేను కింద పూయలేనా?"

"పూయొచ్చు. కానీ గెలతో పాటు నీ ప్రాణమూ దిగుతుంది. మళ్ళీ పైకి పోదు. అడుగుదాకా వస్తే చచ్చిపోతావు," అంది గాలి.

"మరి ఆయన పడితే?"

గాలి దాని ఆకులు ఒకసారి ఊపి కొండ దిగిపోయింది.

తర్వాతి గెలను జీలుగు కాస్త కిందికి వేసింది. ఆ తర్వాతది ఇంకా కిందికి. ఎక్కడం తేలికయ్యేసరికి లచ్చిరెడ్డి మీసం మెలేశాడు. "చూశావటే, నాకు వయసు ఎనక్కి పోతంది."

పండమ్మ తలెత్తి చూసింది. "నీ మొహం. నీ కోసం చెట్టే దిగొస్తంది మావా. పైన ఆకులు చూడు, ఎండిపోతన్నాయి."

ఆయన చెయ్యి మీసం మీంచి జారిపోయింది. ఏడుపొచ్చింది.

చివరి గెల పండమ్మ చేతికందేంత కిందికి వచ్చింది. లచ్చిరెడ్డి కత్తి తీయలేదు. "ఇది కొయ్యను. కానీ ముసలిదేం తాగుద్ది?"

"నా మాను నిండా పిండి ఉంది తాతా. నేను పోయాక దంచి జావ కాసిపెట్టు," అంది జీలుగు.

గెల పండింది, చెట్టు ఎండింది. పళ్ళు ఒలుస్తుంటే వాటి రసానికి చేతులు దురదెక్కినా, ముసలాళ్ళిద్దరూ ఒక్క గింజ వదలకుండా కొండంతా నాటారు.

అప్పటినుంచే జీలుగు మొదటి గెల తలలో వేసి, తర్వాతవి ఒక్కొక్కటే కిందికి దించుతుంది. చివరిది పండగానే నిలువునా ఎండిపోతుంది. ఎక్కలేని వాళ్ళు ఎవరో కింద ఉంటారని దానికి ఇప్పటికీ గుర్తే.